బేస్‌మెంట్‌లో చెమ్మ పోగొట్టడం ఎలా: శాతాలు పక్కనపెట్టి గ్రాములు లెక్కపెట్టండి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, మిషిగన్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లకి మొదటి వేసవిలోనే బేస్‌మెంట్ సంగతి తెలిసొస్తుంది. మే నెల దాకా బాగానే ఉంటుంది. జూన్ సగానికొచ్చేసరికి మెట్లు దిగుతుంటేనే ముక్క వాసన, అట్టపెట్టెలు మెత్తబడిపోవడం, ఇండియా నుంచి తెచ్చుకున్న తోలు చెప్పుల మీద తెల్లటి బూజు. అప్పుడు అందరూ అడిగేది ఒకటే, ఏ డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమని నీళ్లుగా లాగేసే మెషీన్) కొనాలి అని. నేను ఆ ప్రశ్నకి జవాబు ఆరో మెట్టు దాకా చెప్పను. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోకుండా మెషీన్ కొంటే అది రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది, బకెట్ నిండుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, వాసన మాత్రం పోదు. ఇందులో ఉన్న ఫిజిక్స్ ఇంటర్మీడియట్ స్థాయి దాటదు, కాబట్టి భయపడకుండా కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటి మెట్టు: కొలవండి, కొలిచే మీటరు నిజం చెబుతోందో లేదో కూడా చూడండి

పది, పదిహేను డాలర్లకి దొరికే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు తీసుకోండి. ఇవి గాలిలో తేమ శాతం, ఉష్ణోగ్రత రెండూ చూపిస్తాయి. చవక మీటర్లు అయిదు, ఆరు శాతం అటూ ఇటూగా చూపించడం మామూలే, అందుకని ముందు వాటికి ఉప్పు పరీక్ష పెట్టాలి. నీళ్ల సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, చుక్క చుక్కగా నీళ్లు వేయండి. ఉప్పు తడిసి ముద్దవ్వాలి, అంతేగానీ కరిగిపోయి పైన నీళ్లు తేలకూడదు. ఆ మూతనీ మీటరునీ ఒకే జిప్ కవర్లో పెట్టి, గాలి చొరబడకుండా మూసి, ఎండ తగలని చోట ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే మీటరు 75 చూపించాలి. ఉప్పు పూర్తిగా కలిసిన నీళ్ల పైన గాలి ఎప్పుడూ 75 శాతం దగ్గరే స్థిరపడుతుంది. 10 డిగ్రీల నుంచి 30 డిగ్రీల వరకూ ఈ అంకె దాదాపు మారదు కాబట్టే ఇది నమ్మదగ్గ పరీక్ష. మీ మీటరు 80 అంటే, ఇకపై అది చూపించే ప్రతి అంకెలోంచి 5 తీసేసుకోండి. మీటరు కవర్ మీద చిన్న చీటీ అంటించి రాసుకుంటే మర్చిపోరు.

ఒక మీటరు బేస్‌మెంట్ మధ్యలో నడుము ఎత్తున పెట్టండి. రెండోది బయటి గోడ మూలలో, నేల మీద పెట్టండి. రెండూ ఒకే అంకె చూపిస్తాయని అనుకోవద్దు. ఆ తేడా ఎందుకు వస్తుందో ఎనిమిదో మెట్టులో తేలుతుంది.

రెండో మెట్టు: శాతాన్ని గ్రాముల్లోకి మార్చుకోండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తేమ శాతం అంటే గాలిలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పే అంకె కాదు. ఆ ఉష్ణోగ్రత దగ్గర గరిష్ఠంగా పట్టే ఆవిరిలో ఎంత వంతు ఉందో చెప్పే అంకె. ఆ గరిష్ఠం ఉష్ణోగ్రతతో చాలా వేగంగా మారిపోతుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరులో 4.8 గ్రాముల ఆవిరి మాత్రమే పడుతుంది. 10 డిగ్రీల దగ్గర 9.4, 20 దగ్గర 17.3, 30 దగ్గర 30.4 గ్రాములు. అంటే ప్రతి 10, 11 డిగ్రీలకీ దాదాపు రెట్టింపు.

ఇప్పుడు జులై మధ్యాహ్నం న్యూజెర్సీలో బయట 30 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకోండి. ఘనమీటరుకి 18 గ్రాముల పైచిలుకు ఆవిరి ఉన్నట్టు. ఆ గాలి కిటికీలోంచి 20 డిగ్రీలున్న బేస్‌మెంట్‌లోకి దిగింది. అక్కడ పట్టేదే 17.3. మిగతాది ఏం కావాలి? గోడల మీద, పైపుల మీద, నేల మీద నీళ్లుగా దిగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసు బయట చెమ్మ పట్టేది ఇలాగే, ఇక్కడ గ్లాసు స్థానంలో మీ కాంక్రీటు గోడ ఉందంతే. బయట 60 శాతం అని చూపించిన గాలే లోపలికి రాగానే 100 శాతం అయిపోయింది, ఒక్క చుక్క నీళ్లు కలపకుండానే.

మన ఊళ్లలో గది ముక్క వాసన వస్తే అమ్మమ్మలు మొదట చేసే పని కిటికీలన్నీ బార్లా తెరవడం. అక్కడ అది సరైన పనే, ఎందుకంటే ఆ గదులు నేల పైన, బయటి గాలితో సమానంగా వేడెక్కేవి. భూమిలోకి దిగిన బేస్‌మెంట్ గోడలు, నేల మాత్రం వేసవిలో కూడా 16, 18 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు "గాలాడట్లేదురా" అని కిటికీ తీస్తారు, ప్రేమతోనే. వాళ్లకి ఈ లెక్క ఒకసారి చెప్పండి, చాలామంది వెంటనే ఒప్పుకుంటారు.

తెరవాలా మూయాలా తేల్చడానికి డ్యూ పాయింట్ చూడాలి. గాలిని చల్లబరుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదటి చుక్క దిగుతుందో అదే డ్యూ పాయింట్. ఫోన్‌లో వెదర్ యాప్ బయటి డ్యూ పాయింట్ చూపిస్తుంది. లోపలిది మీరే నోటితో లెక్కేసుకోవచ్చు: 100 లోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని 5 తో భాగించి, ఆ అంకెని సెల్సియస్ ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. 20 డిగ్రీలు, 60 శాతం అయితే 40ని 5తో భాగిస్తే 8, ఇరవైలోంచి 8 పోతే 12 డిగ్రీలు. తేమ 50 శాతానికి పైన ఉన్నప్పుడు ఈ లెక్క బాగా పనిచేస్తుంది. బయటి డ్యూ పాయింట్ లోపలిదాని కంటే తక్కువైతే కిటికీ తెరవండి, ఎక్కువైతే ముయ్యండి. శాతాల్ని పోల్చకండి. జులైలో న్యూజెర్సీ వైపు డ్యూ పాయింట్ తరచుగా 65 నుంచి 70 ఫారెన్‌హీట్ మధ్య, అంటే 18 నుంచి 21 సెల్సియస్ దగ్గర ఉంటుంది. మీకు కావలసిన బేస్‌మెంట్ గాలి (20 డిగ్రీలు, 50 శాతం) డ్యూ పాయింటేమో 9 సెల్సియస్ దగ్గర, ఫారెన్‌హీట్‌లో దాదాపు 49. ఆ రోజుల్లో కిటికీ తెరిచే ప్రసక్తే లేదు.

మూడో మెట్టు: నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో పట్టుకోండి

వెయ్యి చదరపు అడుగుల బేస్‌మెంట్, ఎనిమిదడుగుల ఎత్తు. ఘనపరిమాణం దాదాపు 226 ఘనమీటర్లు. 20 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉంటే ఆ గాలిలో ఉన్న మొత్తం నీళ్లు మూడు లీటర్ల చిల్లర. 50 శాతానికి దించాలంటే తీయాల్సింది ఎంత? ఒక లీటరు, ఒకటింబావు లీటరు. అంతే. మరి మెషీన్ పెట్టినవాళ్లు రోజుకి పది లీటర్లు పారబోస్తున్నారే, ఆ మిగతాదంతా ఏమిటి? అది గాలిలో ముందే ఉన్న నీళ్లు కాదు, లోపలికి వస్తూనే ఉన్న నీళ్లు. ఈ ఒక్క లెక్క బుర్రకెక్కితే మిగతా మెట్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

వచ్చే దారులు మూడు. ఒకటి, వర్షపు నీళ్లు పగుళ్లలోంచి, గోడా నేలా కలిసే అంచులోంచి నేరుగా కారడం. రెండు, మట్టిలో తడి కాంక్రీటు సన్నటి రంధ్రాల గుండా పైకి పాకి లోపలివైపు ఆవిరవడం. కాంక్రీటు రాయిలా కనబడుతుంది గానీ నీళ్లని పీలుస్తుంది. కొత్త ఇల్లయితే, పోసేటప్పుడు కలిపిన నీళ్లు ఆరడానికే నెలలు పడుతుంది. మూడు, బయటి వేడి గాలి సందుల్లోంచి దూరడం.

రెండోదీ మూడోదీ విడదీయడానికి మంచి పరీక్ష ఉంది. పద్దెనిమిది అంగుళాల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకుని నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో సందు లేకుండా అంటించండి. గోడ మీద ఇంకొకటి. కనీసం పదహారు గంటలు, వీలైతే రెండు రోజులు ఉంచండి. తర్వాత టార్చ్ వేసి దగ్గరగా చూడండి. షీటు కింది వైపు సన్నటి చుక్కలు కనబడ్డాయా, లేదా షీటు లేపితే కింద కాంక్రీటు చుట్టుపక్కల కంటే నల్లగా ఉందా? నీళ్లు మట్టిలోంచి కాంక్రీటు గుండా వస్తున్నాయి. కింద పొడిగా ఉండి షీటు పై వైపు చేతికి తడి తగులుతోందా? అవి గాలిలోంచి దిగిన నీళ్లు. రెండు వైపులా తడి అయితే రెండు పనులూ చేసుకోవాలి, తప్పదు. ఈ పరీక్ష వర్షాలు పడ్డ వారంలో ఒకసారి, పొడిగా ఉన్న వారంలో ఒకసారి చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

గోడ మీద తెల్లటి పొడి రాలుతుంటే అది బూజు కాదేమోనని కూడా చూడండి. కాంక్రీటులో ఉప్పులు నీళ్లతో పాటు పైకి వచ్చి, నీళ్లు ఆవిరయ్యాక మిగిలిపోయేవి అలాగే కనిపిస్తాయి. దాని మీద రెండు చుక్కల నీళ్లు వేస్తే కరుగుతుంది, బూజు కరగదు. ఉప్పు కనబడిందంటే ఆ గోడ గుండా నీళ్ల ప్రయాణం చాన్నాళ్లుగా సాగుతోందన్నమాట.

నాలుగో మెట్టు: ముందు బయట పని

వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే 623 గ్యాలన్లు, అంటే 2,350 లీటర్ల పైమాటే. ఆ నీళ్లన్నీ గట్టర్ (పైకప్పు అంచున వాన నీళ్లు పట్టే కాలువ) గొట్టంలోంచి పునాది పక్కనే పడుతుంటే, లోపల ఎంత పెద్ద మెషీన్ పెట్టినా అది ఓడిపోయే పోటీ. గట్టర్లలో ఆకులు తీయండి. కింది గొట్టాలకి పొడిగింపు వేసి కనీసం అయిదారు అడుగుల అవతల నీళ్లు పడేలా చూడండి. ఇంటి చుట్టూ మట్టి ఇంటి నుంచి బయటికి వాలుగా ఉండాలి, మొదటి పదడుగుల్లో ఆరు అంగుళాల వాలు అమెరికాలో బిల్డింగ్ కోడ్ అడిగేది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, అయినా అందరూ ఆఖర్న చేసే పని ఇది. ఇవి చేశాక కూడా వాన పడ్డప్పుడల్లా నేల మీద నీళ్లు కనబడుతుంటే అది మెషీన్‌తో తీరే సమస్య కాదు, డ్రైనేజీ చేసేవాళ్లని పిలవాలి.

అయిదో మెట్టు: గాలి దూరే సందులు మూయండి

ఇందాకటి బేస్‌మెంట్‌లోకి బయటి గాలి గంటకి మూడో వంతుకి కాస్త తక్కువగా, అంటే 0.3 వంతు మారుతోందనుకుందాం. రోజుకి 1,630 ఘనమీటర్ల గాలి. ప్రతి ఘనమీటరూ 18.2 గ్రాములు తెస్తుంది, మనకి కావలసింది 20 డిగ్రీల దగ్గర 50 శాతం, అంటే 8.7. తేడా తొమ్మిదిన్నర గ్రాములు. గుణించండి: రోజుకి 15 లీటర్ల పైన! అదే సందులు మూసి 0.1 కి దించితే 5 లీటర్లు. వంద డాలర్ల లోపు ఫోమ్, కాక్ (సందులు పూడ్చే పేస్టు)తో పది లీటర్లు ఆగిపోయాయి, మెషీన్ ఇంకా కొననే లేదు.

సందులు ఎక్కువగా ఉండేది పునాది గోడ మీద చెక్క ఫ్రేము కూర్చునే చోట, రిమ్ జాయిస్ట్ అంటారే అక్కడ. గట్టి ఫోమ్ బోర్డు ముక్కలు కోసి పెట్టి చుట్టూ స్ప్రే ఫోమ్ కొట్టడం మంచి పద్ధతి. పైపులు, వైర్లు గోడలోంచి వచ్చే కన్నాలు, పాత కిటికీల చుట్టూ కూడా చూడండి. సంప్ గుంటకి (నేల కింద చేరే నీళ్లని తోడేయడానికి బేస్‌మెంట్‌లో తవ్విన గుంత) మూత లేకపోతే బిగుతైన మూత వేయించండి. అది బయటపెట్టే ఆవిరి ఆగుతుంది, పైగా ఆ ప్రాంతాల్లో నేలలోంచి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువుకి కూడా అదో దారి. రాడాన్ పరీక్ష ఇంతవరకూ చేయించకపోతే ఈ పనిలో పనిగా చేయించండి, లీటరుకి 4 పికోక్యూరీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తగ్గించే ఏర్పాటు చేసుకోమని ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) చెబుతుంది.

బట్టల డ్రయ్యర్ గొట్టం ఊడిపోయి లోపలికే వదులుతోందేమో దాని వెనక వంగి చూడండి. ఒక్క విడత బట్టల్లోంచి లీటర్ల కొద్దీ ఆవిరి వస్తుంది. చల్లనీళ్ల పైపులు చెమర్చుతుంటే వాటికి ఫోమ్ తొడుగు వేయండి, అది గాలిలో తేమని తగ్గించదు గానీ పైపుకి చెమ్మ పట్టడం ఆగుతుంది.

ఆరో మెట్టు: ఇప్పుడు మెషీన్

డీహ్యూమిడిఫయర్ లోపల ఉన్నది ఏసీలో ఉన్నవే: కంప్రెసర్, ఒక చల్లటి కాయిల్, ఒక వేడి కాయిల్, ఒక ఫ్యాను. ఫ్యాను గది గాలిని లాగి చల్లటి కాయిల్ మీదుగా పంపుతుంది. కాయిల్ డ్యూ పాయింట్ కంటే చల్లగా ఉంది కాబట్టి ఆవిరి నీళ్లై కిందికి కారుతుంది. అదే గాలి వెంటనే వేడి కాయిల్ మీదుగా వెళ్లి, వెచ్చబడి, పొడిగా గదిలోకి తిరిగొస్తుంది. ఏసీ ఆ వేడిని ఇంటి బయట వదులుతుంది, ఇది గదిలోనే వదులుతుంది, ప్రధానమైన తేడా అదే. చల్లటి కాయిల్‌తో గాలిలో తేమని అదుపు చేసే ఈ ఆలోచనని 1902లో విలిస్ క్యారియర్ అనే ఇంజనీరు బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం అమలు చేశాడు. తేమకి కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవట్లేదని వాళ్ల బాధ. మనిషికి చల్లదనం కోసం కాకుండా కాగితం కోసం మొదలైన పని అది.

ఒక లీటరు నీళ్లు ఆవిరవ్వాలంటే 2,450 కిలోజౌళ్లు కావాలి, యూనిట్లలో 0.68. అదే ఆవిరి మళ్లీ నీళ్లయితే ఆ వేడంతా తిరిగొస్తుంది. గుప్తోష్ణం అని చదువుకున్నాం కదా, అదే. రోజుకి పది లీటర్లు తీస్తే 6.8 యూనిట్ల వేడి గదిలోకి వదిలినట్టు. దానికి మెషీన్ వాడిన కరెంటు కూడా కలపాలి. ఇప్పటి మంచి మెషీన్లు యూనిట్‌కి 1.8 లీటర్ల చొప్పున తీస్తాయనుకుంటే ఇంకో 5.6 యూనిట్లు. మొత్తం 12 యూనిట్ల పైన, అంటే 500 వాట్ల హీటర్ రోజంతా వెలుగుతున్నంత వేడి. అందుకే మెషీన్ పెట్టాక గది ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. పాడైపోయిందని టెన్షన్ పడకండి, అది పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ఖర్చు కూడా ఇదే లెక్క: యూనిట్‌కి 20 సెంట్లు అయితే రోజుకి డాలరు పైన.

ఎంత సైజు కొనాలి? పెట్టె మీద పైంట్ల అంకె ఉంటుంది, రోజుకి ఎన్ని పైంట్లు తీస్తుందని. ఒక పైంటు 473 మిల్లీలీటర్లు, కాబట్టి 50 పైంట్ల మెషీన్ అంటే దాదాపు 24 లీటర్లు. అయితే ఈ అంకె ఏ గాలిలో కొలిచారన్నది ముఖ్యం. పాత పద్ధతిలో 80 ఫారెన్‌హీట్, 60 శాతం తేమ దగ్గర కొలిచేవాళ్లు. 2019 నుంచి 65 ఫారెన్‌హీట్ దగ్గర కొలవాలని అమెరికా ఇంధన శాఖ మార్చింది, ఎందుకంటే బేస్‌మెంట్లు నిజంగా ఉండేది ఆ చల్లదనంలోనే. దాంతో అంతకుముందు 70 పైంట్లని అమ్మిన సైజు మెషీన్ ఇప్పుడు 50 పైంట్లు అని వస్తోంది. ఎవరైనా పాత 70 పైంట్లది అమ్ముతుంటే కొత్త 50 కంటే పెద్దదని మోసపోకండి.

చల్లటి గాలిలో ఎందుకు తగ్గుతుందంటే, మొదటి చుక్క రావాలన్నా ముందు గాలి మొత్తాన్నీ డ్యూ పాయింట్ దాకా దించాలి. 18 డిగ్రీలు, 60 శాతం గాలిని కాయిల్ 5 డిగ్రీలకి దించిందనుకోండి. కిలో గాలి నుంచి మొత్తం 19 కిలోజౌళ్ల చిల్లర లాగాలి. అందులో 13 కేవలం గాలిని చల్లబరచడానికే పోతాయి, నీళ్లు తీయడానికి ఉపయోగపడేది మూడో వంతు. అదే 27 డిగ్రీల గాలి అయితే దాదాపు సగం నీళ్లకే పోతుంది. గాలి పొడిబారేకొద్దీ ఈ వంతు ఇంకా పడిపోతుంది. కాబట్టి తీసుకునేటప్పుడు కాస్త పెద్దదే తీసుకోండి. వెయ్యి చదరపు అడుగులకి 50 పైంట్లది నా సలహా. చిన్నది రోజంతా ఆగకుండా తిరిగే బదులు పెద్దది కాసేపు తిరిగి ఆగుతుంది.

బాగా చల్లబడిన బేస్‌మెంట్‌లో ఇంకో ఇబ్బంది ఉంది, కాయిల్ సున్నా కిందికి వెళ్లి మంచు కడుతుంది, గాలి ఆడదు. ఆటో డీఫ్రాస్ట్ (ఆ మంచుని దానంతటదే కరిగించుకునే ఏర్పాటు) ఉన్నది చూసి కొనండి. 10 డిగ్రీల లోపు గదులకి కాయిల్ బదులు తేమని పీల్చే పదార్థం పూసిన చక్రంతో పనిచేసే డెసికెంట్ మెషీన్లు మేలు, కరెంటు మాత్రం ఎక్కువ తింటాయి. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బీరువాకి సరిపోతాయి, రోజుకి లీటర్లు వచ్చే బేస్‌మెంట్‌కి సరిపోవు.

మరి పై అంతస్తుల ఏసీ చాలదా అంటారు కొందరు. అది ఉష్ణోగ్రత చూసి ఆన్ అవుతుంది. బేస్‌మెంట్ ముందే చల్లగా ఉంది కాబట్టి అక్కడి కోసం అది ఎప్పుడూ తిరగదు. పైగా కింద వెంట్లు తెరిచి ఉంచితే చల్లగాలి గోడల్ని ఇంకా చల్లబరిచి చెమ్మ పెంచొచ్చు.

ఏడో మెట్టు: ఎక్కడ పెట్టాలి, నీళ్లు ఎటు పంపాలి

మధ్యలో, గోడకి అడుగు దూరంలో, లోపలి గదుల తలుపులు తెరిచి. గోడ ప్లగ్‌కే నేరుగా పెట్టండి, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకి వద్దు. బకెట్ మీద ఆధారపడొద్దు, నిండగానే మెషీన్ ఆగిపోతుంది, మీరు వారాంతం ఊరెళితే బేస్‌మెంట్ మళ్లీ మొదటికొస్తుంది. వెనక గొట్టం బిగించే చోటు ఉంటుంది, మెషీన్‌ని చిన్న బల్ల మీద ఎత్తుగా పెట్టి గొట్టాన్ని ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఫ్లోర్ డ్రెయిన్‌లోకో సంప్‌లోకో వదలండి. డ్రెయిన్ పైన ఉంటే ఆ నీళ్లని పైకి తోసే చిన్న కండెన్సేట్ పంపు కావాలి. ఆ నీళ్లు తాగడానికి, పూజకి పనికిరావు, కాయిల్ లోహాలూ సూక్ష్మజీవులూ ఉంటాయి.

మొదటి వారం అంకె కదలదు, ఓపిక పట్టండి. చెక్క, అట్ట, కార్పెట్, జిప్సమ్ బోర్డు అన్నీ నీళ్లు దాచుకుని ఉంటాయి. 80 శాతం గాలిలో ఉన్న చెక్కలో దాని బరువులో 16 శాతం నీళ్లు, 50 శాతం గాలిలో 9 శాతం. వంద కిలోల చెక్క సామాను ఉందంటే ఏడు లీటర్లు అందులోంచే బయటికి రావాలి. మెషీన్ గాలిలోంచి తీస్తుంటే సామాను మళ్లీ గాలిలోకి వదులుతుంది. రెండు మూడు వారాల తర్వాత కూడా బకెట్ అదే వేగంతో నిండుతుంటే మాత్రం మూడో మెట్టుకి తిరిగి వెళ్లండి, ఎక్కడో నీళ్లు వస్తున్నాయి.

ఎనిమిదో మెట్టు: 60 కాదు, 50 దగ్గర పెట్టండి

ఈపీఏ లోపలి తేమ 60 శాతం లోపు, కుదిరితే 30 నుంచి 50 మధ్య ఉండాలంటుంది. బేస్‌మెంట్‌కి 60 ఎందుకు చాలదో చూడండి. గది మధ్యలో 21 డిగ్రీలు, 60 శాతం. నేల కాంక్రీటు 16 డిగ్రీలు. ఆ గాలే నేలని తాకి 16 డిగ్రీలకి చల్లబడితే దాని తేమ 82 శాతం అవుతుంది! మీటరు 60 అని చెబుతుంటే కార్పెట్ అడుగున బూజుకి హాయిగా సరిపోయే వాతావరణం ఉంది. మూలలో నేల మీద పెట్టిన రెండో మీటరు ఎక్కువ చూపించేది ఇందుకే. గది మధ్యలో 50 కి దించితే నేల దగ్గర 68 అవుతుంది, అక్కడ బూజు పెరగడం చాలా కష్టం. అలాగని 35 కి దించే ప్రయత్నం అక్కర్లేదు, దానికి కాయిల్ దాదాపు గడ్డకట్టే దాకా చల్లబడాలి, కరెంటు వృథా.

ఇదే లెక్కతో సామాను సంగతి కూడా తేల్చుకోండి. బియ్యం బస్తాలు నేల మీద పెట్టొద్దు, గోడకి ఆనించొద్దు. వైర్ షెల్ఫ్ మీద, గోడకి నాలుగంగుళాల ఎడంగా, కింద గాలి ఆడేలా పెట్టండి. బొమ్మల కొలువు పెట్టెలు, పట్టుచీరలు, పెళ్లి ఆల్బమ్‌లు అట్టపెట్టెల్లోంచి తీసి మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి, అయితే బేస్‌మెంట్ పొడిబారాకే మూత పెట్టాలి, తడిగాలితో మూస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. కాంక్రీటు మీద నేరుగా కార్పెట్ వేయొద్దని నా గట్టి సలహా. గోడలకి ఫినిషింగ్ చేయిస్తుంటే కాంక్రీటుకి ఆనించి గట్టి ఫోమ్ బోర్డు వేసి, దాని ముందు చెక్క ఫ్రేము కట్టించండి. కాంక్రీటుకి ఆనించి పీచు ఇన్సులేషన్ కూరి పైన ప్లాస్టిక్ షీటు కొట్టే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ గోడ విప్పి చూస్తే లోపల ఏముంటుందో చెప్పక్కర్లేదు.

తొమ్మిదో మెట్టు: చలికాలం, నిర్వహణ

అక్టోబర్ దాటాక లెక్క తిరగబడుతుంది. బయట సున్నా డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలిలో ఘనమీటరుకి 3.4 గ్రాములే. అది 18 డిగ్రీల బేస్‌మెంట్‌లోకి వచ్చి వెచ్చబడితే 22 శాతం అవుతుంది. అప్పుడు పొడిబారడానికి మెషీన్ అక్కర్లేదు, రోజూ కాసేపు కిటికీ తీసినా చాలు. మెషీన్ ఆపేసి, బకెట్ కడిగి ఆరబెట్టి, ఫిల్టర్ శుభ్రం చేసి పెట్టండి. వేసవిలో ఫిల్టర్‌ని నెలకోసారి కడగాలి. దుమ్ము పట్టి గాలి తగ్గితే కాయిల్ మీద మంచు కడుతుంది, నీళ్లు రావడం ఆగిపోతుంది, చాలామంది గ్యాస్ అయిపోయిందనుకుని పారేస్తారు.

ఎప్పుడైనా పైపు పగిలో, సంప్ పంపు ఆగిపోయో నీళ్లు చేరితే గడియారం చూసుకోండి. తడిసినవి 24 నుంచి 48 గంటల్లో ఆరితే సాధారణంగా బూజు రాదు. ముందు నీళ్లు తోడేసి, తడిసిన అట్టలు, కార్పెట్ బయటపడేసి, ఫ్యాన్లు పెట్టి, తర్వాతే డీహ్యూమిడిఫయర్ వేయండి.

ఇంకొకటి, ఇది తప్పకుండా చేయండి. పాత డీహ్యూమిడిఫయర్లు లక్షల సంఖ్యలో నిప్పంటుకునే ప్రమాదం ఉందని రీకాల్ అయ్యాయి. ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని వదిలేసి వెళ్లినదైనా, ఎవరో తెలిసినవాళ్లు ఇచ్చినదైనా, వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూసి సీపీఎస్సీ (అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్) రీకాల్ జాబితాలో వెతికాకే ప్లగ్‌లో పెట్టండి.